పరదేశిని వారించు నధికార మెవరిది?

2025 సెప్టెంబరు 19వ తేదీన అమెరికా అధ్యక్షుడొక ప్రకటన గావించెను. విదేశము నుండి హెచ్-1బి అనుమతిపై క్రొత్తగ నుద్యోగిని పిలిపించుకొను యజమాని లక్ష డాలర్ల రుసుము చెల్లింపవలెనట. తెలుగునాట ననేక కుటుంబములలో కలవరము పుట్టెను. ఆ దేశముననే, ప్రభుత్వాధికార మెంత తగ్గిన నంత మేలని వాదించు లిబర్టేరియనులను పక్షమొకటి కలదు. పన్నులయెడ నేకకంఠముగ బలుకు వీరు సరిహద్దు మాట వచ్చుసరికి రెండుగ చీలుదురు. ఆ తగవు మన భూస్వాములు వినదగినది. దాని మూలము భూమిపై హక్కే.

వారిలో పెద్దయైన మరే రాత్‌బార్డు తొలుత స్వేచ్ఛా వలసనే సమర్థించెను. ఎస్టోనియా, లాట్వియాలను సోవియట్టు ప్రభుత్వము రష్యనులతో నింపిన తీరు జూచి తన యభిప్రాయమును మార్చుకొనెను. దేశములోని భూమి యంతయు స్వంతదారులదే యైనచో పిలువనివాడు చేనిలో నడుగిడజాలడు గదా, కావున తలుపులు బార్లా తెరచుట స్వేచ్ఛ కానేరదని 1994లో వాదించెను. మైకేలు హ్యూమరు 2010లో వేరొక దృష్టాంతము జెప్పెను. ఆకలిగొన్నవాడు రొట్టె కొనుటకు సంతకు బోవుచుండ నింకొకడు బలిమితో దారి నడ్డగించెను. వాడు ఆకలిచే చచ్చెను. అన్నము పెట్టకుండుట వేరు. కొనుక్కొన బోవువానిని మరలించుట వేరు.

మాకు జూడ చేని యుపమానమే రాత్‌బార్డున కెదురు తిరుగుచున్నది. కోతలనాడు రైతొకడు పొరుగూరి కూలీలకు కబురంపెను. గట్టుకడ కావలివాడు, "నీవు పిలిచినను నేను రానీయ" ననెనేని, ఆ చేను రైతుదా, కావలివానిదా? లక్ష డాలర్ల రుసుము పడినది పిలిచిన వానిపైననే గదా! 1914లో కోమగాట మారు నౌకపై 376 మంది మనవారు వాంకూవరు చేరిరి. మాతృదేశము నుండి ఎచ్చటను ఆగక రావలెనని కెనడా 1908లో నిబంధన చేసియుండెను. అట్లు వచ్చు నోడయే లేదు! ఒడ్డున నున్న మనవారు చందాలు ప్రోగుచేసి యోడ యద్దెకు ధనము గట్టిరి. పిలుచువారుండియు, రెండు నెలలు రేవులో నిలిచి, కొద్దిమంది తప్ప తక్కినవారు మరలిపోవలసి వచ్చెను.

అయినను రంగూనును మరచి యీ మాట లాడుట న్యాయము గాదు. 1930 మే నెలలో అచ్చటి రేవున మన తెలుగు కూలీలు కూలి హెచ్చింపు కోరి సమ్మె గట్టిరి. గుత్తదార్లు బర్మీయులను పనిలో బెట్టుకొనిరి; పిదప తెలుగువారితో రాజీపడి బర్మీయులను పొమ్మనిరి. అంతట కలహము రేగి, మనవారు పెక్కుమంది మడిసిరి. గుత్తదారు పిలిచెను, మనవాడు పోయెను, ఎవరి హక్కును భంగపడలేదని చెప్పిన, పని పోయిన బర్మా కూలీకి సమాధానము కాదు. ఇచ్చట హ్యూమరు దృష్టాంతము మాకు చాలలేదు. కాని వానిని పిలిచి త్రోసివేసినవాడు గుత్తదారు గాని, సముద్రము దాటి వచ్చిన మనకూలీ గాడు. 1941లో భారత, బర్మా ప్రభుత్వములు చేసికొన్న యొడంబడిక కట్టడి చేయబూనినది మాత్రము కూలీ రాకనే.