క్వార్టర్ ఒకటే.. గ్లాసే వేరు

వేలూరు, గుడియాత్తం: మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే టాస్మాక్ షాపు షట్టరు లేస్తుంది. కౌంటర్లో క్వార్టర్ సీసా చేతికి రాగానే వినపడే మొదటి మాట.. 'గ్లాసుందా అన్నా?'. ఎలాంటి గ్లాసని మాత్రం ఎవరూ అడగరు. నచ్చిన బ్రాండు కోసం రెండు షాపులు తిరిగిన మనిషే, పోసుకునే పాత్ర దగ్గరికొచ్చేసరికి చేతికందిందే చాలంటాడు. ఇటు చిత్తూరులోనైనా, అటు పరదరామి దాటి గుడియాత్తంలోనైనా ఇదే వరస.

1983లో పుట్టిన టాస్మాక్, 2003 నుంచి తమిళనాడులో చిల్లర మద్యం అమ్మకాన్ని కూడా తన చేతిలోకి తీసుకుంది. షాపు పక్కనుండే బారుకు లైసెన్సు ఇచ్చేది మందు అమ్మడానికి కాదు, తినుబండారాలు అమ్ముకోడానికి, ఖాళీ సీసాలు ఏరుకోడానికి. గ్లాసు సంగతి ఆ లెక్కలో చిన్నది. అందుకే ఏళ్ల తరబడి పల్చటి ప్లాస్టిక్ కప్పు, పక్కన నీళ్ల ప్యాకెట్టు.. అంతే మర్యాద. 2019 జనవరి 1 నుంచి తమిళనాడులో ఆ రెండింటినీ నిషేధించారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులపై నిషేధం దేశమంతటా వచ్చింది. అయినా కప్పు పూర్తిగా మాయం కాలేదు.

కంటికి చిక్కని కొలత

గ్లాసును రుచి కోసం చూడాలంటారు తెలిసినవాళ్లు. మన దగ్గర అంతకంటే ముందు చూడాల్సింది కొలత. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే క్వార్టర్ మొత్తం ఆరు చిన్న పెగ్గులు, అరవై గ్రాముల పైమాటే. ఇద్దరు చెరిసగం పోసుకుని 'ఒక్క రౌండే కదా' అనుకుంటే, ఒక్కొక్కడి కడుపులోకి మూడు పెగ్గులు పోయినట్టు. కప్పు మీద గీత ఉండదు, నీళ్లు కలిపాక రంగూ చెప్పదు.

ఈ మోసం చదువుకున్నవాళ్లకీ తప్పదు. పొడుగు సన్న గ్లాసులో కంటే పొట్టి వెడల్పు గ్లాసులో మనిషి ఎక్కువ పోస్తాడని 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ పరీక్షలో రోజూ పోయడమే పనిగా ఉన్న బార్‌టెండర్లు కూడా తప్పారు. ఇక కూలి పని ముగించుకుని, చీకట్లో బండి సీటు మీద కప్పు పెట్టి పోసుకునేవాడి సంగతి చెప్పాలా?

వాసన ఎక్కడ నిలుస్తుంది?

స్కాట్లాండ్‌లో గ్లెన్‌కెయిర్న్ అనే గ్లాసు 2001లో బజారుకొచ్చింది. అడుగున ఉబ్బు, పైకి పోనుపోను ఇరుకు మూతి. మొగ్గ ఆకారం అనుకోండి. ఉబ్బులో లేచిన వాసన ఇరుకు మూతి దగ్గర గుమిగూడి ముక్కుకు అందుతుంది. నీళ్లు కలపకుండా గుక్కగుక్కగా చప్పరించే మాల్ట్ విస్కీకి అది సరిపోతుంది.

మనవాళ్లు మాత్రం దాని కోసం వేలూరు లాంగ్ బజార్ అంతా గాలించక్కర్లేదు. దేశీ విస్కీల్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ కలిపి చేసేవే. వాటిని ఇరుకు మూతి గ్లాసులో పోస్తే వాసన కంటే ముందు స్పిరిట్ ఘాటే ముక్కుకు కొడుతుంది. ఆ సరుక్కి వెడల్పు మూతి, మందం అడుగు ఉన్న మామూలు గాజు గ్లాసే మేలు. సోడా పోసుకునేవాళ్లకు పొడుగు గ్లాసు, బుడగ తొందరగా చావదు. ఖరీదైన గ్లాసు వల్ల చవక విస్కీ మంచిదైపోదు.

నీళ్లు పోస్తే రుచి చెడుతుందని గొప్పలు పోయేవాళ్లకు ఒక మాట. పొగవాసన ఇచ్చే గ్వయకాల్ అనే పదార్థం, నీళ్లు కలిపినప్పుడు పైపొరకు చేరుతుందని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. గ్లాసులో నీళ్లకు చోటుండాలి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఎవర్‌సిల్వర్ చాటున

ఇళ్లలో ఎక్కువగా వాడేది ఎవర్‌సిల్వర్ గ్లాసు. దానివల్ల విస్కీకి వచ్చే చెడుపేం లేదు. కానీ లోపలేముందో, ఎంతుందో బయటికి కనపడదు. అసలు చాలామంది దాన్ని ఎంచుకునేదే అందుకు.. పిల్లలు మజ్జిగనుకుంటారని. పిల్లలు అనుకోరు.

కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో సోడా కలిపి తాగడం మాత్రం మానాలి. సోడాలోని ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది. పెళ్లిళ్లకు బహుమతిగా వచ్చే తళతళల క్రిస్టల్ సీసాల్లో కొన్నింటిలో సీసం కలుస్తుంది. అలాంటి వాటిలో మందు నిల్వ పెడితే సీసం దిగుతుందని 1991లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. వాటిని షోకేసులోనే ఉంచితే సరి.

గ్లాసుతో తీరని జబ్బూ ఉంది. పొద్దున లేవగానే చేయి వణుకుతూ, పెగ్గు పడితేగానీ ఆగనివాళ్లకు ఏ ఆకారం గ్లాసైనా ఒకటే. ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా మాన్పించడం కూడా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి. వేలూరు సీఎంసీకి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది. మత్తు అలవాట్లకు అక్కడ చికిత్స చేస్తారు. చిత్తూరు జిల్లా వాళ్లకు సీఎంసీ దారి కొత్తదేం కాదు.

మిగతావాళ్లకు పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. దగ్గుమందు సీసా మీదొచ్చే పది మిల్లీలీటర్ల మూతతో మూడుసార్లు నీళ్లు కొలిచి గాజు గ్లాసులో పోయాలి. నీళ్లు నిలిచిన చోట బయట చిన్న టేపు ముక్క అంటించాలి. పెగ్గంటే అంతవరకే. ఆ గ్లాసును సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా మంచినీళ్లతో తొలిచి, పిల్లల పాలగ్లాసులకు దూరంగా వేరే అరలో బోర్లించాలి.