క్యాసెట్టులోని పాట కంప్యూటరులోకి ఎక్కేటప్పుడు

మా నాన్నగారు 1989 క్రిస్మస్ నాడు మా ఊరి గుడిలో పాడిన పాట ఒక పాత క్యాసెట్టులో ఉంది. టేపు పాడైపోకముందే దానిని కంప్యూటరులోకి ఎక్కించమని పట్నంలో ఒక షాపువారికిచ్చాము. ఇంటికి తెచ్చి వింటే గొంతు నాన్నగారిదే గాని, ఎక్కడినుండో ఫోనులో పాడుతున్నట్టుంది. తాళాల గలగల లేదు. 'స'కు 'ఫ'కు తేడా తెలియడం లేదు. టేపే చెడిపోయిందేమోనని భయపడి పాత టేప్ రికార్డరులో పెట్టి చూస్తే పాట చక్కగానే ఉంది. మరి పోయిందెక్కడ?

కంప్యూటరు శబ్దాన్ని టేపులాగ ఏకధారగా పట్టుకోదు. సెకనుకు కొన్ని వేలసార్లు శబ్దాన్ని కొలిచి అంకెలుగా వ్రాసుకుంటుంది. దీనినే శాంప్లింగ్ అంటారు. ఎన్నిసార్లు కొలవాలి? శబ్దంలోని అత్యధిక కంపనాలకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు (వయసు మళ్ళినవారికి అంత వినబడదు లెండి). అందుకు తగినట్టే 1982లో అమ్మకానికి వచ్చిన సిడికి సెకనుకు 44,100 కొలతలు పెట్టారు. ఫోనులో మాట అర్థమైతే చాలు గనుక 8,000తో సరిపుచ్చారు. మా పాటను షాపువారు ఈ 8,000తోనే ఎక్కించారట! అప్పుడు 4,000 కంపనాలకు పైనున్నదేదీ మిగలదు. తాళాల మెరుపు, 'స'కారపు ఈల ఎక్కువగా ఉండేది అక్కడే.

చాలీచాలకుండా కొలిస్తే ఉన్నది పోవడమే గాక లేనిది కూడ వచ్చి చేరుతుంది. సినిమాలో బండిచక్రం వెనక్కు తిరుగుతున్నట్టు కనబడుతుంది చూడండి, కెమెరా సెకనుకు 24 బొమ్మలే తీయడంవల్ల కలిగే భ్రమ అది. అలాగే 5,000 కంపనాల స్వరాన్ని 8,000 కొలతలతో పట్టుకుంటే 3,000 కంపనాల దొంగస్వరమై వినబడుతుంది. అందుకే కొలవకముందే పై కంపనాలను ఫిల్టరుతో వడగడతారు.

8,000కు దించిన పాటను తిరిగి 44,100కు మార్చినా ఫైలు పెరుగుతుందే గాని పోయిన తాళాలు రావు. టేపును పారవేయలేదు గనుక బ్రతికిపోయాము. రెండవసారి "44,100, 16 బిట్లు, వేవ్ ఫైలు" అని కాగితంమీద వ్రాసి ఇచ్చాము. 16 బిట్లంటే ప్రతి కొలతకు 65,536 మెట్లు. మెట్లు తగ్గితే నెమ్మది స్వరాల వెనుక బుస వినబడుతుంది. నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పట్టింది. ఫోనులో వినడానికి చిన్న ఎంపీత్రీ కాపీ వేరే చేయించుకున్నాము. 96,000 పెట్టించమని ఒకరు సలహా చెప్పారు గాని, ఇంటి క్యాసెట్టులో అంత పట్టవలసిందేమీ ఉండదు.

ఈసారి తాళాలన్నీ వినబడ్డాయి. చివరి చరణంలో చప్పట్లు కొడుతున్న అమ్మ గాజుల చప్పుడు కూడ.