సామాజిక మాధ్యమాలు – వ్యక్తిగత గోప్యత: మాస్టోడాన్ మార్గం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వెబ్‌సైట్లలో ఖాతా తెరవడానికి మనం రుసుము కట్టనక్కరలేదు. మరి ఆ సంస్థలకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రధానంగా ప్రకటనల నుంచి. మనం ఏది చదివాం, దేని దగ్గర ఎంతసేపు ఆగాం, ఎవరితో స్నేహం చేశాం అనే వివరాలను అవి సేకరిస్తాయి. వాటిని బట్టి ఎవరికి ఏ ప్రకటన చూపాలో నిర్ణయిస్తాయి.

"నా దగ్గర దాచుకోవలసిన రహస్యాలేమీ లేవు కదా, నాకేమి నష్టం?" అని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం.

2013లో ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఒక అప్లికేషన్ వచ్చింది. అది తనను వాడినవారి వివరాలతోపాటు వారి స్నేహితుల వివరాలను కూడా సేకరించింది. అవి రాజకీయ ప్రచారాలకు సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థకు చేరాయని 2018 మార్చిలో వెల్లడయింది. మన దేశంలో ఆ అప్లికేషన్‌ను పెట్టుకున్నవారు 335 మంది మాత్రమే. కాని ఇక్కడా, ఇతర దేశాలలోనూ దానిని వాడినవారికి స్నేహితులైనందువల్ల మరో 5,62,120 మంది వివరాలు కూడా బయటికి పోయి ఉండవచ్చని ఆ ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ప్రకటించింది. వీరిలో ఎవరూ ఆ పరీక్ష రాయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. అంటే ఒకరు నొక్కిన బటన్ మరొకరి గోప్యతను దెబ్బతీయగలదన్నమాట.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కును కాపాడుకుంటూనే స్నేహితులతో కలిసి ఉండే మార్గం ఉందా?

సమాఖ్య పద్ధతి

వేర్వేరు కంపెనీల సిమ్ కార్డులు ఉన్నా మనం ఒకరితో ఒకరు ఫోనులో మాట్లాడుకుంటున్నాం. ఈమెయిల్ కూడా అంతే. ఈ సూత్రాన్నే సామాజిక మాధ్యమాలకు అన్వయించాలని 2010లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు డయాస్పోరా అనే సాఫ్ట్‌వేర్‌కు పూనుకున్నారు. 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్‌కో మాస్టోడాన్‌ను ప్రారంభించారు. ఇటువంటి వేర్వేరు సర్వర్లు పరస్పరం మాట్లాడుకోవడానికి ఉపయోగపడే యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌ను 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా సిఫారసు చేసింది.

మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక కళాశాల గాని, సంఘం గాని, వ్యక్తి గాని దానితో సొంత సర్వర్ నడపవచ్చు. ఒక సర్వర్‌లో ఉన్నవారు మరో సర్వర్‌లో ఉన్నవారిని అనుసరించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ప్రకటనల ఏర్పాటు లేదు. కాబట్టి మన అలవాట్లను గమనించి అమ్ముకోవలసిన అవసరం తక్కువ. పైగా అందరి సమాచారమూ ఒకే సంస్థ చేతిలో ఉండదు. నచ్చకపోతే మన అనుచరులతో సహా మరో సర్వర్‌కు మారవచ్చు. అయితే పాత రాతలు మాత్రం వెంట రావు.

పరిమితులు

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. నమ్మకం అవసరం లేకుండా పోలేదు. అది పెద్ద సంస్థ నుంచి సర్వర్ నిర్వాహకుని మీదికి మారింది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని రక్షణ మాస్టోడాన్ సందేశాలకు తొలి నుంచీ లేదు. నిర్వాహకుడు తలచుకుంటే వాటిని చూడగలడు. కాబట్టి సొంత విషయాలకు, లాభాపేక్ష లేని సంస్థ నడిపే సిగ్నల్ వంటి సాధనం మేలు. విరాళాలతో నడిచే చిన్న సర్వర్ మూతపడే అవకాశం కూడా ఉంది. అందుచేత చేరేముందు దానిని ఎవరు నడుపుతున్నారు, నియమాలేమిటి అన్నది చదవాలి.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, మన స్నేహితులు అక్కడ ఉండకపోవడం. పాత ఖాతాను ఒక్కరోజులో మూసేయనవసరం లేదు. నలుగురైదుగురు మిత్రులు కలిసి చేరితే కొత్త చోటు అలవాటవుతుంది.

అభ్యాసం: మీ ఫోనులో ఏయే అప్లికేషన్లకు కాంటాక్టుల జాబితా చూసే అనుమతి ఉందో పట్టిక తయారుచేయండి. ఆ జాబితాలో ఎంతమంది పేర్లున్నాయో లెక్కించండి. వారిలో ఎంతమందిని అడిగి ఆ అనుమతి ఇచ్చారు?