చిట్టెలుక అరికాలిలో తేలిన నిజము

నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కుష్ఠువ్యాధికి మూలమైన క్రిమిని సూక్ష్మదర్శినిలో కనుగొనెను. మనుష్యునకు రోగము కలిగించు క్రిములలో మొదట గుర్తింపబడిన వానిలో అది యొకటి. అయినను దానిని గాజుపాత్రలో పెంచుట నేటివరకును ఎవ్వరికిని సాధ్యము కాలేదు. కలరా క్రిమి ఒక్క రాత్రిలో పెరుగును. క్షయ క్రిమి వారములకైనను పెరుగును. ఇది మాత్రము పెరుగదు. పెరుగని క్రిమిపై మందును పరీక్షించుట యెట్లు? మన పల్లెలు మహారోగమని పేరుపెట్టి, రోగిని ఊరి వెలుపల నుంచిన ఆ వ్యాధికి మందులను రోగులపైననే ప్రయోగించి చూడవలసివచ్చెను.

ఎనుబది యేండ్లకు పైబడిన ఈ చిక్కును 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఛార్లెస్ షెపర్డ్ విడదీసెను. కుష్ఠు క్రిమికి చల్లదనము ప్రియము. మనుష్యునిలో నైనను అది ముక్కు, చెవితమ్మెలు, కాలుసేతుల చర్మము మొదలగు చల్లని తావులనే ఎన్నుకొనును. చిట్టెలుకకు అట్టి తావు అరికాలు. రోగి దేహమునుండి తీసిన కొలది వేల క్రిములను షెపర్డ్ అచ్చట సూదితో ఎక్కించి వేచియుండెను. ఓర్పు కావలసిన పనియే. ఈ క్రిమి ఒకటి రెండగుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆరు నెలలకు వేలు దాదాపు పది లక్షలై ఆగిపోయినవి. ఎలుక కుంటలేదు, దాని వ్రేళ్లు వంకరపోలేదు. మనుష్యుని రోగమును అది పూర్తిగా అనుభవింపనే లేదు. కాని దానిని అడిగిన ప్రశ్న ఒక్కటే: క్రిమి పెరిగినదా, లేదా?

ఆ ప్రశ్న యెంత విలువైనదో మలేషియాలో తేలినది. అప్పటికి డాప్సోను అను చవకమాత్ర లోకమంతట వాడుకలో నుండెను. ఏండ్ల తరబడి దానిని మ్రింగినవారిలో కొందరికి వ్యాధి తిరుగబెట్టినది. మాత్రలు సరిగా మ్రింగలేదేమో యని రోగిని శంకించుట సులభము. సంఘము వెలివేసినవాని మాటకు సాక్ష్యమెక్కడిది? సుంగై బూలో కుష్ఠు చికిత్సాలయములోని పెటిట్, లండనులోని రీస్ కలిసి అట్టివారి క్రిములను చిట్టెలుకల అరికాళ్లలో ఎక్కించి, ఆ ఎలుకలకు డాప్సోను కలిపిన మేత పెట్టిరి. మామూలు క్రిములైనచో ఆ మేతకు అణగవలసినదే. కొందరి క్రిములు అణగలేదు, పెరిగినవి! మందునకు లొంగుట మానినది క్రిమియే యని 1964లో వెల్లడియైనది.

రిఫాంపిసిన్ మ్రింగిన కొలది దినములకే రోగి క్రిములు ఎలుకలో పెరుగు శక్తిని కోల్పోవుటయు ఈ అరికాలి పరీక్షలోనే కనబడినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు డాప్సోను, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ మందులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించిరి. నేడు రోగి ఇంటనే యుండి, ఆరు లేక పండ్రెండు నెలలు మందు పుచ్చుకొని స్వస్థుడగుచున్నాడు.

స్పర్శ యేల పోవును, నరము ఎట్లు చెడును అను ప్రశ్నలకు మాత్రము సామాన్యపు చిట్టెలుక బదులు చెప్పదు. అందుకు శాస్త్రజ్ఞులు 1971 తరువాత ఎముకపలకల కవచముగల అర్మడిల్లో అను అమెరికా జంతువును ఆశ్రయించిరి. దాని దేహమంతయు చల్లనిదే. దాని నరములలోనికి సైతము ఈ క్రిమి ప్రవేశించును.