గ్లాసు అడుగున 'ఏరా!'

పిల్లలూ! మీ ఇంట్లోని ఒక పాత గాజు గ్లాసు తీసుకుని, నీళ్లు లేవని చూసుకుని, నెమ్మదిగా బోర్లించండి. అడుగున ఏమైనా అక్షరాలున్నాయా?

నా చిన్నప్పుడు గుడివాడలో మా అమ్మమ్మ ఇంట్లో ఆరు గాజు గ్లాసులుండేవి. మేమంతా స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్లం. అవి మాత్రం చుట్టాలొస్తేనే బీరువాలోంచి దిగేవి. ఒకసారి చుట్టాలతోపాటు నాకూ వాటిలోనే మజ్జిగ ఇచ్చారు. తాగేసి గ్లాసు ఎత్తి చూస్తే అడుగున ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను: 'యేరా'. "అమ్మమ్మా, ఈ గ్లాసు నన్ను ఏరా అంటోంది!" అని అరిచాను. ఇల్లంతా నవ్వింది. అప్పటినుంచి మా ఇంట్లో వాటి పేరు ఏరా గ్లాసులు.

నాకు ఉద్యోగం వచ్చాక అమ్మమ్మ వాటిని నాకిచ్చింది. ఝాన్సీ, జోర్హాట్, ఇప్పుడు సూరత్. ప్రతి బదిలీకి ఒకటో రెండో పగిలాయి. సూరత్‌లో పెట్టెలు విప్పేసరికి ఒక్కటే మిగిలింది. జత లేని గ్లాసు ఎందుకని భంగార్ అబ్బాయికిచ్చే సంచిలో వేసేశాను. అది చూసిన పక్కింటి పెద్దాయన, "మాస్టారూ, ఇది మా గుజరాత్ గ్లాసు, వడోదరలో అలెంబిక్ వాళ్లు చేసింది" అన్నారు. అలెంబిక్ 1907లో వడోదరలో మొదలైన సంస్థ. మందులతో మొదలై, తర్వాత గాజు పరిశ్రమ కూడా పెట్టింది. 'యేరా' ఆ గాజుకు పెట్టిన పేరు. సూరత్ నుంచి వడోదర రైల్లో రెండు గంటల దూరం. నేనేమో కొత్త ఊరికి వచ్చాననుకుంటున్నాను. గ్లాసు మాత్రం పుట్టింటి దగ్గరికి వచ్చింది! వెంటనే సంచిలోంచి తీసి కడిగి పెట్టుకున్నాను.

అప్పటినుంచి ఏ పాత గాజు కనిపించినా చదవడం అలవాటైంది. ఎలా చదవాలో మీకూ చెబుతాను.

మొదట అడుగు చూడండి

తయారుచేసినవారి పేరో గుర్తో ఎక్కువగా అడుగునే ఉంటుంది. ఆ పేరు ఎప్పుడు పుట్టిందో తెలిస్తే వస్తువు వయసుకు ఒక హద్దు దొరుకుతుంది. బోరోసిల్ సంస్థ 1962లో మొదలైంది. కాబట్టి ఆ పేరున్న గ్లాసు అంతకన్నా పాతది కాదు. పేరు లేకుండా, అడుగు మధ్యలో గరుకైన మచ్చ ఉంటే అది చేత్తో ఊదిన గాజు కావచ్చు. ఊదిన గాజును ఇనుప కడ్డీకి అంటించి పట్టుకుని మూతి సరిచేసేవారు. కడ్డీని విరిచిన చోట ఆ మచ్చ మిగులుతుంది. నిజంగా వాడిన పాత వస్తువుకు అడుగు అంచున సన్నటి గీతలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. అన్నీ ఒకే వైపు తీరుగా ఉంటే ఎవరో కావాలని గీకారేమోనని అనుమానించాలి.

తర్వాత అతుకు గీత

సీసాను రెండు ముక్కల అచ్చులో పోసి చేస్తే పక్కన నిలువుగా ఒక గీత ఏర్పడుతుంది. అది మెడ దగ్గరే ఆగిపోతే మూతిని విడిగా, చేత్తో చేశారన్నమాట. మూతి అంచుదాకా సాగితే అది యంత్రం చేసినది. అమెరికాలో మైఖేల్ ఓవెన్స్ తయారుచేసిన ఆటోమేటిక్ యంత్రం 1903లో వచ్చింది. ఆ తర్వాతే అలాంటి సీసాలు ప్రపంచమంతా పెరిగాయి.

రంగు కూడా సాక్ష్యమే. ఇసుకలో ఇనుము ఉంటే గాజుకు లేత ఆకుపచ్చ రంగు వస్తుంది. పాత సోడా సీసాల రంగు అదే.

రెండు పేర్లు కలిపేయకండి

గోళీ సోడా సీసాను 1870లలో లండన్‌కు చెందిన హైరమ్ కాడ్ కనిపెట్టాడు. సీసాలోని గ్యాస్ గోళీని పైకి తోసి, మెడలోని రబ్బరు చుట్టకు అదిమిపెడుతుంది. అదే మూత! మెడ దగ్గరున్న నొక్కులు సోడా వంపేటప్పుడు గోళీ అడ్డం పడకుండా ఆపుతాయి. గోళీల కోసం పిల్లలు ఎన్ని సీసాలు పగలగొట్టారో లెక్కలేదు. పాతవి అరుదుగా దొరకడానికి అదీ ఒక కారణం. లోపల గోళీ వేశాకే మూతిని సరిచేస్తారు కాబట్టి ఈ సీసాల విషయంలో అతుకు గీతను ఒక్కదాన్నే నమ్మకూడదు.

ఇలాంటి సీసా మీద పెద్ద అక్షరాలతో ఉండేది చాలాసార్లు సోడా అమ్మినవారి పేరు. గాజు చేసినవారి పేరు కింద చిన్నగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీలో డాన్ రైలాండ్స్ చేయించిన సీసాలు ఇలా గుర్తుపట్టేవే. మన సూరత్ సోస్యో కూడా అంతే. హజూరీ కుటుంబం 1923లో ఇక్కడ మొదలుపెట్టిన సంస్థ తయారుచేసే స్వదేశీ పానీయం అది. సీసా మీద ఆ పేరుంటే లోపలి పానీయం ఎవరిదో తెలుస్తుంది. గాజు ఎవరిదో తెలియాలంటే మళ్లీ అడుగే చూడాలి.

సెలవుల్లో హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు వస్తువులు చూడండి. అక్కడ మాత్రం బోర్లించడానికి వీల్లేదు!

మన ఇళ్లలో సామాన్లు సర్దే రోజు వచ్చిందంటే పాతవన్నీ ముందు బయటికి పోతాయి. ఈసారి అలా పంపే ముందు గాజు వస్తువుల అడుగు చదవండి. అంచు విరిగినవాటిని ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అని అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి అడిగి నోటుబుక్కులో రాసుకోండి. నేను అడగాలనుకునేసరికి మా అమ్మమ్మ లేదు. ఆ ఆరు గ్లాసులు గుడివాడలో ఏ కొట్లో కొన్నదో ఇక నాకు తెలియదు.

మిగిలిన ఆ ఒక్క గ్లాసును మాత్రం ఈసారి బదిలీకి లారీ ఎక్కించను. నా చేతిసంచిలో, తువ్వాలులో చుట్టి తీసుకెళ్తాను.