చౌడు ఎక్కడి నుంచి వస్తుంది?

పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ పొలాలకు సాగునీటి కాలువలు లేవు. వాన పడితేనే పంట. అయినా అక్కడ పది లక్షల హెక్టార్లకు పైగా భూమి చౌడు బారింది. నీరే పెట్టని చేలోకి అంత ఉప్పు ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న రైల్వే వాళ్లకూ ఎదురైంది. చుట్టూ అడవి కొట్టేశాక, ఆవిరి ఇంజన్ల కోసం కట్టుకున్న చెరువుల్లో నీళ్లు ఉప్పెక్కాయి. అవి బాయిలర్లను తినేసేవి. డబ్ల్యూ.ఇ. వుడ్ అనే రైల్వే ఇంజనీరు దీని కారణాన్ని 1924లో ప్రచురించాడు. సముద్రం మీదుగా వచ్చే వానలో పిసరంత ఉప్పు ఉంటుంది. వేల ఏళ్లుగా అది అడుగు మట్టిలో పేరుకుంది. అడవి చెట్లు లోతైన వేళ్లతో వాననీటిని దాదాపు మొత్తం తాగేసేవి కనుక ఆ ఉప్పు కదల్లేదు. గోధుమ వేరు అంత లోతుకు పోదు, పైగా కోత అయ్యాక నెలల తరబడి చేను ఖాళీ. మిగిలిన నీరు కిందికి ఇంకి భూగర్భజలాన్ని ఏటికేడు పైకి లేపింది, దానితో పాత ఉప్పూ లేచింది. నీటిమట్టం నేలకు ఒకటి రెండు మీటర్ల దగ్గరికి వస్తే చాలు, మట్టి సందుల వెంట నీరు దానంతటదే ఎగబాకుతుంది. ఎండకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన మిగిలిపోతుంది.

ఇంత స్పష్టంగా తెలిశాక కూడా, 1960ల్లో అక్కడి ప్రభుత్వం ఏడాదికి పది లక్షల ఎకరాల కొత్త భూమిని సాగుకు తెరిచింది. ఎంతో కొంత ఆపగలిగిన నష్టం అది. నన్ను ఎక్కువ బాధించేది అదే.

మధ్య ఆసియాలో నీటిమట్టాన్ని లేపింది వాన కాదు, సాగునీరు. సోవియట్ ప్రభుత్వం పత్తి కోసం ఆము దర్యా, సిర్ దర్యా నదులను మళ్లించింది. మట్టి కాలువల నుంచి ఊరిన నీరే నేల కింద నీటిమట్టాన్ని లేపింది. అక్కడి కరకల్పక్‌స్థాన్ ప్రాంతపు రైతులు విత్తే ముందు మడుల్లో నీరు నిలగట్టి ఉప్పు కడుగుతారు. బయటికి పోయే దారి లేకపోతే ఆ కడుగునీరే మట్టాన్ని మళ్లీ పెంచుతుంది. దీనికి తోడు ఎండిన అరల్ సముద్రపు అడుగు నుంచి ఉప్పుదుమ్ము గాలికి లేచి చేల మీద పడుతుంది.

మన దగ్గర పాల చౌడును మంచినీటితో కడిగితే తగ్గుతుంది. కారు చౌడులో సోడియం మట్టిని బిగించేస్తుంది, నీరు ఇంకదు. అక్కడ ముందు జిప్సం వేయాలి, ఆపైన జీలుగ పెంచి కలియదున్నాలి. ఏ చౌడైనా మురుగు పోయే దారి తప్పనిసరి. సాగునీటి కాలువకు దొరికే డబ్బు, శ్రద్ధ మురుగు కాలువకు దొరకవు.

నాగార్జున సాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో బాపట్ల శాస్త్రవేత్తలు చేల అడుగున చిల్లుల పైపులు పరిచి చూశారు. ఉప్పునీరు వాటిలోకి ఊరి బయటికి పోయింది, వరి దిగుబడి పెరిగింది. అయితే ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. పైపు నీరు నలుగురి పొలాలు దాటి మురుగు కాలువలో కలవాలి, ఆ కాలువలో ఏటా పూడిక తీయాలి.