లూర్దు ఊటనీరు - విజ్ఞానశాస్త్రం చెప్పేదేమిటి?

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడను ఆనుకొని ఉన్న గుణదల కొండ జనసముద్రమవుతుంది. 1924లో ఫాదర్ ఆర్లాటి అక్కడ మేరీమాత విగ్రహాన్ని నెలకొల్పిన తరువాత ఆ కొండ తెలుగునాట ప్రసిద్ధ పుణ్యక్షేత్రమైంది. కథోలికులతో పాటు హిందువులు కూడా మెట్లెక్కి కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు సమర్పించి, రోగాలు నయం కావాలని మొక్కుకుంటారు. ఉత్సవం ఫిబ్రవరి 11న ముగియడం యాదృచ్ఛికం కాదు. గుణదలలో పూజలందుకొనేది లూర్దు మాత. 1858లో ఆ తేదీనాడే ఫ్రాన్సు దేశంలో పిరనీస్ పర్వతాల పాదాన ఉన్న లూర్దు పట్టణంలో బెర్నదెత్ సూబిరు అనే 14 ఏళ్ళ నిరుపేద బాలిక, ఒక కొండగుహ వద్ద తనకు దివ్యదర్శనం లభించిందని చెప్పింది. అదే నెల 25న ఆమె గుహలో చేతితో మట్టి తవ్విన చోట నీటి ఊట బయటపడింది.

ఉత్తర కరోలినాలోని మోరిస్‌విల్‌లో స్థిరపడిన తెలుగువారికి నేడు ఈ యాత్ర అసాధ్యం కాదు. పారిస్ చేరితే లూర్దుకు నేరుగా రైలున్నది. అంతదూరం పోలేనివారికి మేరీలాండ్ రాష్ట్రంలోని ఎమిట్స్‌బర్గ్‌లో లూర్దు గుహను పోలిన పుణ్యస్థలం ఉన్నది. కారులో ఐదారు గంటల ప్రయాణం. ఎక్కడికి వెళ్ళినా యాత్రికులు సీసాలో నీరు పట్టుకొని, స్వదేశంలో మంచం పట్టిన తల్లికో తండ్రికో చేర్చాలని ఆశపడటం సహజమే. ఇంతకీ ఆ నీటిలో ఏమున్నది?

ఈ ప్రశ్న ఊట పుట్టిన ఏడాదే తలెత్తింది. లూర్దు పరిసరాలలోని కోతెరె వంటి ఊళ్ళు గంధకపు బుగ్గలకు పేరుపొందినవి. తమ ఊటలోనూ ఔషధగుణం గల లవణాలుంటాయని పట్టణ పెద్దలు ఆశించారు. తులూజ్‌కు చెందిన రసాయనశాస్త్ర ఆచార్యుడు ఫిలోల్ 1858 ఆగస్టులో నీటిని విశ్లేషించి, అది ఆ ప్రాంతపు కొండ ఊటలలో లభించే సాధారణమైన తాగునీరేనని, అందులో ప్రత్యేకమైన వైద్యగుణం గల పదార్థమేదీ లేదని తేల్చాడు.

కారణం సులభంగానే బోధపడుతుంది. వర్షపు నీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. సున్నపురాతి పొరల గుండా ఇంకిపోతూ ఆ రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొంటుంది. అందుచేత ఇటువంటి ఊటలలో కాల్షియం బైకార్బొనేటు ప్రధానంగా కనిపిస్తుంది. భూగర్భంలో చాలాకాలం నిలిచిన నీటికి ఎండాకాలమైనా చలికాలమైనా చల్లదనం ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది.

నీరు సామాన్యమైనదైతే, రోగాలు నయమయ్యాయన్న వార్తల సంగతేమిటి? 1883లో లూర్దులో ఒక వైద్య పరిశీలనా కార్యాలయం ఏర్పడింది. స్వస్థత పొందామని చెప్పేవారి పత్రాలను అక్కడి వైద్యులు పరీక్షిస్తారు. వారి నియమాలు కఠినమైనవి. వ్యాధి తీవ్రమైనదై ఉండాలి. దాని నిర్ధారణకు ఆధారాలుండాలి. స్వస్థత ఆకస్మికంగా, సంపూర్ణంగా, శాశ్వతంగా ఉండాలి. అప్పటివరకు వాడిన మందులు దానికి కారణం కారాదు. సంవత్సరాల తరబడి పరిశీలించిన పిమ్మట వైద్యులు చెప్పేది ఒక్కటే: నేటి వైద్యవిజ్ఞానం దీనిని వివరించలేకపోతున్నదని. అద్భుతమని ప్రకటించే అధికారం బిషప్‌ది. నమోదైన ఉదంతాలు ఏడువేలకు పైబడినా, 2018 ఫిబ్రవరిలో ప్రకటించిన అద్భుతం 70వది మాత్రమే.

'వివరించలేము' అనడానికీ, 'నీరే కారణం' అనడానికీ మధ్య చాలా దూరమున్నది. కొన్ని వ్యాధులు వాటంతటవే తగ్గుముఖం పడతాయి. కొన్ని పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. బాధ తీవ్రమైనప్పుడు యాత్రకు బయలుదేరినవాడు, ఆ తరువాత సహజంగా కలిగే ఉపశమనాన్ని యాత్రాఫలంగా భావించవచ్చు. నమ్మకం, తోడివారి ఆదరణ నొప్పిని, ఆందోళనను తగ్గించగలవు. అయితే అవి క్షయక్రిములను చంపలేవు, క్యాన్సరు కణితిని కరిగించలేవు. బెర్నదెత్ జీవితమే ఇందుకు నిదర్శనం. చిన్ననాటినుండి ఉబ్బసంతో బాధపడిన ఆమె, క్షయవ్యాధితో 1879లో 35వ ఏట కన్నుమూసింది. 1933లో ఆమెను పునీతురాలిగా ప్రకటించినది ఆమె విశ్వాస జీవితాన్ని బట్టి. రోగం నయమైనందుకు కాదు.

నీరు తెచ్చేవారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. పవిత్రమైనంత మాత్రాన నీటిలో సూక్ష్మజీవులు పెరగకుండా ఉండవు. 2012లో వెలువడిన ఆస్ట్రియా దేశపు పరిశోధన ఒకటి, అక్కడ పరీక్షించిన పవిత్ర ఊటలలో అధికభాగం తాగునీటి ప్రమాణాలకు తూగలేదని వెల్లడించింది. ఏ ఊటనీరైనా నెలల తరబడి సీసాలో నిల్వ ఉంచి తాగడం క్షేమం కాదు. క్యాన్సరు చికిత్స పొందుతున్నవారు, అవయవమార్పిడి జరిగినవారు, పసిపిల్లలు తాగకుండా ఉండటమే మేలు. అటువంటివారికి నుదుటిపై తడివేలితో గురుతు వేస్తే చాలు; గాయాలకు తగలనీయరాదు. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాను సాధారణంగా అనుమతించరు. పెద్ద సీసాను గట్టిగా మూతపెట్టి పెట్టెలో సర్దుకోవాలి.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. సీసా ఇంటికి చేరినంత మాత్రాన ఇన్సులిన్ గానీ, రక్తపోటు మాత్రలు గానీ, క్షయ మందులు గానీ ఆపరాదు. లూర్దు వైద్య కార్యాలయం కూడా పరీక్షల కాగితాలను, వైద్యుల నివేదికలనే అడుగుతుంది. దూరదేశాన ఉన్న బిడ్డ పంపిన నీటిలో ఆ తల్లికి కనిపించేది బిడ్డ ప్రేమ. దానితో పాటు మందులు వేళకు వేసుకొమ్మని ఫోనులో ఒక మాట చెప్పగలిగితే ఆ కానుక నిండుగా ఉంటుంది.